అడుగు అంతస్తులో అమ్మ

ఓడ పాతదే. కొత్త రంగులు కొట్టి, కొత్త తివాచీలు పరిచి మళ్ళీ తిప్పుతున్నారు. అమ్మ పన్నెండేళ్ళు దీని అడుగు అంతస్తులోనే ప్రయాణికుల బట్టలు ఉతికింది. ఒక్కసారైనా ఆమెను పై అంతస్తులో కూర్చోబెట్టాలని కూతురు పట్టుబట్టి టికెట్లు కొంది. భోజనాల దగ్గర పరిచయమైన ప్రతివాళ్ళకీ అమ్మ పడిన కష్టం చెప్పింది.

మూడో రోజు పొద్దున డెక్ మీద కూర్చుని ఓడ మంచీచెడ్డా ఎంచడం మొదలుపెట్టింది.

"పెద్ద ఓడల్లోలా తోపులాట లేదమ్మా. ఎక్కడికైనా నాలుగడుగుల్లో వెళ్ళిపోవచ్చు. కానీ బీరువా తలుపు పడదు, లిఫ్టు ఓ పట్టాన రాదు. గోడ వెనక పైపుల మోతకి తల పగిలిపోతోంది."

"అప్పటికన్నా ఇది చాలా నయం," అంది అమ్మ.

"ఆ మోతలో, ఆ ఆవిరిలో ఎలా ఉన్నావే? అమ్మమ్మ నాకు అన్నం పెడుతుంటే, నాకోసం నువ్విక్కడ మగ్గిపోతున్నావని ఏడ్చేదాన్ని."



"ఓడెక్కిన మూడేళ్ళకే వచ్చేయమని మీ అమ్మమ్మ ఉత్తరం రాసింది. ఇంటి దగ్గరే పని కూడా చూసిపెట్టింది. నేనే రాలేదు."

"ఎందుకని?"

"ఇక్కడ పని అయ్యాక ఎవరూ నన్ను పిలిచేవాళ్ళు కాదు. తలుపేసుకుంటే నా మంచం నాది."



"మరి నేను గుర్తొచ్చేదాన్ని కాదా?"

"రోజూ గుర్తొచ్చేదానివి," అంది అమ్మ. "అయినా నిద్ర పట్టేది."