బ్యారేజీ మీద ప్రసన్నకుమారి

ఊరందరి పెళ్ళి ఫోటోలూ తీశాను. పోయిన నా భార్య ప్రసన్నకుమారిది మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీద తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది. అదీ స్టూడియో కంప్యూటర్‌లోనే ఉంది.

"ఇంకా విడుదల కాని ఆపరేటింగ్ సిస్టమ్ అండి బావగారూ, పాత కంప్యూటర్‌లో వేసి చూడండి," అన్నాడు బావమరిది రమేష్ బాబు. అయిదో క్లాసే చదివానని ఎగతాళి చేస్తున్నాడనుకుని స్టూడియో కంప్యూటర్‌లోనే వేశాను.

రాత్రి ఫోటో తెరిస్తే ఆమె నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడి ఉంది. ఫోటో కింద అరవై నుంచి సెకన్లు తగ్గుతూ సున్నాకి వచ్చాయి, కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. ఈసారి ఆమె వీపు కనిపించింది.

రమేష్ బాబుకి ఫోన్ చేశాను.

"రీస్టార్ట్ కానివ్వకండి బావగారూ!"

"నేనేం చెయ్యలేదయ్యా, అదే అవుతోంది!"

మూడోసారి చెప్పులు విప్పేసి, రెయిలింగు అవతల ఒక కాలు వేసి ఉంది. ఫోటో కింద మళ్ళీ అరవై సెకన్ల లెక్క మొదలైంది. ప్లగ్గు పీకేశాను. కంప్యూటర్ ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

తెరమీద అంకెలు తగ్గుతూనే ఉన్నాయి.