వెనక తలుపు దగ్గర మనిషి

యుద్ధంనాటి ఫొటోల వెనక పేర్లు రాసే పని ఆర్లీన్‌కి మూడు రోజులుగా తలనొప్పి అయి కూర్చుంది. శనివారమే గన్‌షిప్ అనే ఫిరంగుల విమానంలో పనిచేసిన పాతవాళ్లంతా కలిసేది. మొగుడు లోవెల్ చూస్తే నోరు విప్పడు.

"వీడెవడు?" అంటూ ఒక ఫొటో తోసింది. విమానం వెనక తెరిచి ఉన్న తలుపు మీద ఒకడు బోర్లా పడుకుని, నడుముకి పట్టీతో, చీకట్లోకి తల పెట్టి కిందికి చూస్తున్నాడు.

"డెల్బర్ట్."

"వీపు చూసి ఎలా చెప్పావు?"

"ఆ రాత్రి అక్కడ పడుకోవాల్సిన వంతు నాది. నేను జ్వరమని అబద్ధమాడితే వాడు వెళ్లాడు. కిందనుంచి గుండ్లొస్తే అరిచి చెప్పాలి. బదులు మనిషి వచ్చేదాకా తల తిప్పకూడదు." లోవెల్ కళ్లజోడు తీశాడు. "విమానం తిరిగొచ్చింది. తలుపు దగ్గర పట్టీ ఒక్కటే ఉంది."

"యాభై ఏళ్లుగా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా, ఈ ముక్క చెప్పకుండా?"

అతను పడుకోడానికి వెళ్లిపోయాడు. ఆమె విసురుగా పేరు రాసి ఫొటో తిప్పింది. డెల్బర్ట్ చెవి, చెంప కనిపిస్తున్నాయి. ఇందాక వీపే కదా.

కళ్లు పాడయ్యాయని తిట్టుకుంటూ రొయ్యల గిన్నె కడిగి వచ్చింది. ఇప్పుడు ముక్కు కూడా కనిపిస్తోంది.

పడకగదిలో బూట్ల లేసులు బిగిస్తున్న చప్పుడైంది.

"ఈ వేళప్పుడు ఎక్కడికి, లోవెల్?"

అతని గొంతు, కుర్రవాడి గొంతులా, ఆమెకి కాదు, ఇంకెవరికో చెప్పింది.

"వస్తున్నాన్రా. ఇక నువ్వు లే."