సంచిలో కార్డులు

ఏడో తారీఖు పొద్దున హులిగెమ్మ శక్తినగర్ ఏటీఎం తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపలికి పోబోయిన సూగురేశ్ మెట్టు కిందే ఆగిపోయాడు.

అతని చేతిలో గుడ్డసంచి ఉంది. అందులో కరెంటు ప్లాంటు కాంట్రాక్టు కూలీల ఏటీఎం కార్డులు ముప్పై దాకా ఉన్నాయి. అప్పుకు తాకట్టు అవే. ప్రతి కార్డుకూ రబ్బరు బ్యాండుతో ఒక చీటీ. చీటీ మీద పేరు, అసలు, వడ్డీ, పిన్ నంబరు. ఏడో తారీఖు జీతం పడుతుంది. పడిన అరగంటలో సూగురేశ్ వచ్చి ఒక్కో కార్డూ పెట్టి డబ్బు తీస్తాడు. వడ్డీ పట్టుకుని మిగిలింది ఇంటింటికీ పంచుతాడు. ఎవరి కష్టార్జితం వాళ్లే చెయ్యి చాచి పుచ్చుకోవాలి.

"జరుగక్కా. లేటయితున్నది."

"నా మొగుని కార్డు ఇచ్చి పో."

"అప్పు కట్టి తీస్కపో."

హులిగెమ్మ భర్త హంపయ్య ప్లాంటులో బూడిద ఎత్తే కూలీ. జీతం పదకొండు వేలు. మూడేళ్ల కింద సూగురేశ్ చేతి మీదుగా ఇరవై వేలు అప్పు చేశాడు. కట్టలేకపోతే దాని మీద ఇంకో ఇరవై ఇచ్చారు. అదీ కట్టలేకపోతే మరో ఇరవై. ఇప్పుడు నెలకు ఆరు వేలు వడ్డీకే సరిపోతాయి. రెండు లక్షల దాకా కట్టినా అసలు ఎక్కడిదక్కడే ఉంది. పదో తారీఖులోగా ఎనిమిది వేలు ఫీజు కట్టకపోతే కూతురు నేత్రను కాలేజీకి రానివ్వరు. ఇంటికొచ్చేది ఐదు వేలు. అందుకే హులిగెమ్మ ఈ నెల కార్డు వదిలేలా లేదు.

"ఒక మాట చెప్పు సూగురేశూ. పదకొండు వేల పగారోనికి అరవై వేలు ఎట్లిచ్చినవ్? కట్టలేడని నీకెరుక లేదా?"

సూగురేశ్ సంచిని ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నే జెప్తా. కట్టేటోనికిస్తే అప్పు తీరిపోతది. కట్టలేనోన్ని చూసి ఇస్తే పగారు జిందగీ అంత నీకే వస్తది. గింతే కద?"

"లెక్క నా చేతుల లేదక్కా."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. "సావుకారి చేతుల లేకుంటే ఇంకెవని చేతుల ఉంటది?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

సూగురేశ్ సంగతి కాలనీలో చిన్నపిల్లలనడిగినా చెబుతారు. నెలనెలా లక్షలు ఆ సంచిలో వేసుకుంటాడు. ఉండేది మాత్రం రేకుల ఇల్లు. బండి కొనడు, బస్సులో వస్తాడు. చాయ్ ఎవరైనా తాగిస్తేనే తాగుతాడు. అంత డబ్బు ఎక్కడ పాతిపెట్టాడోనని ఆడవాళ్లు నీళ్ల పంపు దగ్గర చెవులు కొరుక్కునేవాళ్లు. తినడు, తిననివ్వడు అని తీర్మానించి బిందెలు ఎత్తుకునేవాళ్లు.

హులిగెమ్మ అతని మీద రెండు వారాల కిందే తహసీల్దారుకు అర్జీ పెట్టింది. అది తెలిసిన సాయంత్రం సూగురేశ్ ఆమె గుమ్మం ముందుకొచ్చాడు.

"నా పేరు తీసెయ్యక్కా. పిల్లలు గలోన్ని," అని బతిమాలాడు.

"నాకు పిల్ల లేదా?" అని ఆమె అతని ముఖం మీదే తలుపు వేసింది.

ఏటీఎం దగ్గర ఇంకా మాటలు నడుస్తుండగానే తహసీల్దారు జీపు వచ్చింది. జవాను సంచితో సహా సూగురేశ్‌ను ఎక్కించుకున్నాడు. కబురు అందిన కూలీలంతా బస్సెక్కి రాయచూరు తహసీల్దారు ఆఫీసుకు పోయారు. హులిగెమ్మ వెంట నేత్ర కూడా వెళ్లింది.

"అప్పులిచ్చేందుకు లైసెన్సు ఉందా?" తహసీల్దారు కన్నడంలో అడిగాడు.

"లేదు సార్."

"మరి ఇన్ని లక్షలు ఎక్కడివి?"

సూగురేశ్ నేల చూపులు చూశాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఈన్ని ఉత్తగ ఇడిశిపెట్టొద్దు సార్," అంది హులిగెమ్మ. "మా ఉసురు పోసుకున్నడు. ఈని పిల్లలు గూడ మా లెక్క పస్తులుండాలె. అప్పుడు తెలుస్తది."

అన్నాక ఆమెకే తప్పనిపించింది. పిల్లల మాట ఎత్తకుండా ఉండాల్సింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మూడేళ్ల కడుపుమంట అది.

తహసీల్దారు సంచిని బల్ల మీద కుమ్మరించమన్నాడు. గుమాస్తా చీటీలు చూసి ఒక్కో పేరూ పిలిచాడు. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర పెట్టి కార్డులు తీసుకున్నారు. హంపయ్య డ్యూటీలో ఉన్నాడు; అతని కార్డు చేతికి రాగానే హులిగెమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఈ నెల పదకొండు వేలూ ఆమె ఇంటివే. నేత్ర ఫీజు గండం గడిచింది.

కూలీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సూగురేశ్‌ను జవాను బయటికి నడిపించాడు. తల్లీకూతుళ్లు గుమ్మం దాకా వెళ్లేసరికి గుమాస్తా వెనక్కి పిలిచాడు. బల్ల మీద ఒక కార్డు మిగిలిపోయింది. అన్నిటికంటే పాత చీటీ. చెమటకు రాత అలుక్కుపోయింది.

"నా కళ్లకు ఆనడం లేదు. మీ కాలనీవాళ్లదే అయ్యుంటుంది. ఎవరిదో చూసి ఇచ్చెయ్యండి," అన్నాడు.

నేత్ర ఆ చీటీని కిటికీ వెలుగుకు పట్టుకుని కూడబలుక్కుంటూ పైకి చదివింది: "సూగురేశ్, అసలు ఎనభై వేలు, వడ్డీకి బదులు వసూలు పని."