నీలం అయిపోయింది

ఇంట్లోకి ప్రింటర్ వచ్చిన రోజు నుంచీ సెర్వా మొగుడు టాచీకి కనపడిన ప్రతిదానికీ పేరు అంటించే జబ్బు పట్టుకుంది. ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’. ఫ్రిజ్ మీద ‘ఫ్రిజ్’. ఇంట్లో పెళ్లాం నుదురొక్కటే ఖాళీగా మిగిలింది. అక్కడ జిగురు నిలవదని కాబోలు.

ఆ శనివారం పొద్దున్నే గేటు దగ్గర ఏడుపులు వినపడి సెర్వా చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. ఎరుపూ నలుపూ బట్టలు చుట్టుకున్న ఆడవాళ్లు ఆమెను వాటేసుకుని, “దూయే, దూయే” అని చావింట్లో ఓదార్చే మాటతో పరామర్శించారు.

“ఎవరు పోయారు?” అంది సెర్వా.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, దుఃఖంతో మతి పోయిందనుకున్నారు. ఒకావిడ మెల్లగా గేటు వైపు చెయ్యి చూపించింది.

గేటు మీద సెర్వా అత్తగారు పొకువా నవ్వుతోంది. బొమ్మ చుట్టూ ఎర్రటి ఎరుపు. కింద నల్లటి అక్షరాల్లో ఆవిడ పూర్తి పేరు. పైన అంతకన్నా పెద్ద అక్షరాల్లో, ‘ప్రభువు పిలిచాడు, వెళ్తున్నాను.’

అది పొకువా పాటల సీడీకి ప్రచారం అట్ట, పైనున్నది సీడీ పేరు. రేపు చర్చిలో విడుదల. కానీ కుమాసీలో ఎరుపూ నలుపూ చావు రంగులు. గోడ మీద వాటి మధ్య ఎవరైనా నవ్వుతూ కనిపిస్తే, పాటలు పాడారేమో అని ఎవరికీ తోచదు.

“టాచీ, నిన్ను ఏ రంగు కొట్టమన్నాను?”

“ఊదా,” అంటూ టాచీ బనీనుతో బయటికొచ్చాడు. “ఊదానే కొట్టాను. మధ్యలో నీలం సిరా అయిపోయింది. ఊదాలోంచి నీలం పోతే ఏం మిగులుతుంది?”

“ఏం మిగిలిందో తెలీదు కానీ మీ అమ్మ మాత్రం మిగల్లేదు. ఇంకెక్కడైనా అంటించావా?”

“ఎక్కువేం లేదు. మార్కెట్ గోడకి, లారీల స్టాండులో, కొన్ని టాక్సీల వెనక అద్దాలకి. ఎరుపైతే దూరానికి కూడా కనపడుతుంది కదా అనుకున్నా.”

ఈ గొడవకి పెరట్లోంచి పొకువాయే వచ్చింది, చేతిలో సగం ఒలిచిన అరటికాయతో. ఒకావిడ కెవ్వుమంది. ఇంకొకావిడ బెంచీ మీద కూలబడి, కాస్త తేరుకుని, కోపంగా అంది. “పనులన్నీ మానుకుని వచ్చాం. బతికే ఉన్నావా?”

“ఏమనుకోకమ్మా,” అంది పొకువా. “ఈసారి తప్పకుండా కబురు పెడతాలే.”

వాళ్లు సణుక్కుంటూ వెళ్లాక పొకువా అట్ట వైపు చూసింది. నవ్వు ఆరిపోయింది. 

“చచ్చినదాని పాటలు ఎవరు వింటారే, సెర్వా?”

“అట్టలు మళ్లీ కొట్టిస్తాం అత్తయ్యా, అదెంత పని. అసలు సంగతి చూడండి. రేపు మొదటి సీడీ అందుకోవాల్సింది ఇంటిపెద్ద. ఆ కుర్చీ ఖాళీగా పెట్టి పాడతారా? ఇప్పుడైనా మీ అన్నయ్యని పిలవండి.”

“పిలవను. ఈ వయసులో పాటలేమిటి, ఇంటి పరువు తీస్తావా అన్నాడు, ఏళ్ల కిందట, అందరి ముందు. నేను పిలిచేదాకా నా గడప తొక్కొద్దన్నాను. తప్పు మాట అన్నవాడే రావాలి.”

“పిలవకుండా ఆయనెలా వస్తారు?”

“అది నాకు తెలీదు,” అంది పొకువా. అంటూనే వీధి చివరిదాకా చూసింది. చూడనట్టు అరటికాయ ఒలుచుకుంది.

అంతలో టాక్సీ ఆగింది. అందులోంచి సార్పాంగ్ దిగాడు. పొకువా అన్నగారు, ఇంటిపెద్ద. భుజం మీంచి నల్ల వస్త్రం, తలకి ఎర్ర పట్టీ. 

టాచీ గబగబా గేటు మీది అట్ట పీకి వీపు వెనక దాచుకున్నాడు. సెర్వా అత్తగారి చెయ్యి పట్టుకుని లాగింది.

“ఆయనకి బీపీ అత్తయ్యా. మీరు లోపలికెళ్లండి. మీరు బతికున్న సంగతి నేను నెమ్మదిగా చెప్తాను.”

పొకువా కదల్లేదు. సార్పాంగ్ లోపలికొచ్చాడు. చావింట్లో చేసినట్టే కుడి వైపు నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరి చేతులూ పట్టుకున్నాడు. టాచీకి దూయే అన్నాడు. సెర్వాకి దూయే అన్నాడు. చివర్న అరటికాయ జిగురంటిన పొకువా చెయ్యి కూడా పట్టుకుని దూయే అని, బెంచీ మీద కూర్చున్నాడు.

“నేను చావలేదన్నయ్యా.”

“కనపడుతూనే ఉంది.”

“నీ మేనల్లుడు రంగు తప్పాడు. పాపం, నువ్వు మోసపోయావు.”

“ఎవడు మోసపోయాడు? నిన్న సాయంత్రం మార్కెట్లోనే ఉన్నాను. నీ వెనక గోడ మీద నువ్వు చచ్చి ఉన్నావు. గోడ ముందు నువ్వు టమాటాలావిడతో దెబ్బలాడుతున్నావు. చచ్చినవాళ్లకి అంత గొంతుండదు.”

సెర్వా ఉండబట్టలేకపోయింది. “అన్నీ తెలిసి, ఈ బట్టలేమిటి పెదనాన్నగారూ?”

సార్పాంగ్ తల పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. చెల్లెలి మొహం చూడలేక, దాన్నే మడత పెడుతూ అన్నాడు.

“పిలుపు లేకుండా వెళ్లదగ్గది ఒక్క చావింటికే. తప్పు నాదే పొకువా, ఆ మాట చెప్పుకుందామని ఇన్నేళ్లుగా కాచుకుని కూర్చున్నాను. ఈ ఇంట్లో ఒక్కరైనా చావరే.”