బొంగులో దూది

కల్లం కంచెకి ఎవరో వెదురు బొంగుల కట్ట కట్టి పోయారు.

చిటికెన వేలంత సన్న బొంగులు. ఇరవై దాకా ఉంటాయి. నాలుగైదింటి మూతికి దూది కుక్కి ఉంది.

జక్రయ్య కట్టలేదు. భార్య ఎలీసమ్మా కట్టలేదు.

కల్లం నిండా ఏడాది కష్టం, మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. కిందటి వారమే పక్క ఊళ్లో బాషా కల్లంలోంచి రెండు బస్తాల కాయలు మాయమయ్యాయి. అప్పట్నుంచీ జక్రయ్యకి కుక్క మొరగకపోయినా అనుమానమే.

మిట్టమధ్యాహ్నం ఆ కట్ట ముందు ఒక ముసలాయన గొంతుక్కూర్చుని కనిపించాడు. పక్కన పాత మోపెడ్. చేతిలో నోటు పుస్తకం.

"ఎవరయ్యా నువ్వు?"

"దూదేకేవాళ్ళం బాబూ. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుడతాం. మీ ఊళ్లో నాలుగు రోజులు పనుంది."

"పరుపులు నా కల్లంలో ఉన్నాయా?"

ముసలాయన నవ్వి బొంగుల వైపు చూపించాడు. పొట్ట కింద తెల్లటి ఉండ పట్టుకుని ఒక ఈగ వచ్చి బొంగులోకి దూరింది.

"దీనికోసమే కట్టాను బాబూ. తేనెటీగల జాతే. తేనె పెట్టదు, గుంపు కట్టదు. గట్టు మీద మొక్కల ఆకుల నూగు గీకి తెచ్చి, ఏకి, పిల్లలకి పరుపు వేస్తుంది. మా పనే. మాకంటే శుభ్రంగా చేస్తుంది."

జక్రయ్య ఈగని చూడలేదు. పుస్తకాన్నే చూశాడు.

వెళ్లబోతూ ముసలాయన ఆగాడు.

"ఒంట్లో ఎలా ఉంటోంది బాబూ? మందు కొట్టేప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా?"

జక్రయ్య గుండె ఝల్లుమంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే గొణుగుడు.

"నా ఒంటి సంగతి వాడికెందుకే? నేను మెలకువగా కాపలా కాయగలనో లేదో కూపీ లాగుతున్నాడు."

"పెద్దాయన. ఏదో మంచికే అడిగుంటాడు," అంది ఎలీసమ్మ.

"నీకు అందరూ దేవదూతలే!"

ఎలీసమ్మ చూపు ట్రంకు పెట్టె మీదికి పోయింది.

కిందటేడు తోటకి మందు కొడుతూ జక్రయ్య స్పృహ తప్పి పడిపోయాడు. ఎవరో పుణ్యాత్ముడు పర్చూరు ఆసుపత్రిలో చేర్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు గారు.

ఆ మనిషి గుర్తుగా మిగిలింది ఒక గళ్ల తువ్వాలు. దాన్ని ఉతికి, మడతపెట్టి, పైన కొత్త పంచె, చొక్కా గుడ్డ పెట్టి పెట్టెలో దాచింది ఎలీసమ్మ. ప్రాణం దక్కినందుకు కృతజ్ఞత ప్రార్థన కూడిక ఎప్పుడు పెట్టుకుంటారని పాస్టరు గారు అడిగినప్పుడల్లా ఆమెది ఒకటే మాట.

"ఆ మనిషి దొరకనివ్వండి. ముందు వరసలో కూర్చోబెట్టి పెట్టుకుంటాం."

జక్రయ్యా అంతే. "కనబడితే చాలు, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా" అంటాడు. ఉత్తమాట కాదు, నిజంగానే అంటాడు.

మర్నాడు మధ్యాహ్నం చప్పుడు కాకుండా వెనకనుంచి వెళ్లి, ముసలాయన చేతిలో పుస్తకం లాక్కున్నాడు.

పేజీ నిండా అంకెలే. తొమ్మిది నలభై. పది అయిదు. పది ముప్పై అయిదు.

"ఏంటివి? నేను కల్లం విడిచి వెళ్లే టైములా?"

"కాదు బాబూ. ఈగ వచ్చిపోయే వేళలు."

"ఈగకి టైం టేబులా! చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

చొక్కా పట్టుకుని కంచె అవతలికి నెట్టాడు. ముసలాయన తూలి మోపెడ్ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

జక్రయ్య కోపం చల్లారలేదు. బొంగుల కట్ట పీకి, చెత్త తగలబెడుతున్న మంటలోకి విసిరాడు.

"వద్దు బాబూ! లోపల పిల్లలున్నాయి. నెలాగితే ఎగిరిపోతాయి..."

బొంగులు టప్ టప్ మని పేలాయి. దూది ముందే అంటుకుంది.

ముసలాయన ఆ మంట ఆరేదాకా నిలబడ్డాడు. పుస్తకం ఇమ్మని అడగలేదు. మోపెడ్ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దువాలాక ఎలీసమ్మ వీధిలోంచి కబురు మోసుకొచ్చింది.

"మన వీధిలో మెహర్ వాళ్ల పరుపు కుట్టేసి, కూలి కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడంట ఆ పెద్దాయన. ఏ ఊరో ఎవరికీ తెలీదంట."

"చూశావా! దొంగ కాకపోతే పారిపోవడం దేనికి? రేపు ఈ పుస్తకం పోలీసులకిస్తాను."

ఎలీసమ్మ పుస్తకం అందుకుని తిరగేసింది. ఒకవైపు పరుపుల కొలతలు. రెండోవైపు తారీఖులు, ఈగ తెచ్చిన ఉండల లెక్క, ఏ బొంగుకి ఏ రోజు మూత వేసిందో, ఏ రోజు పిల్లలు బయటికొచ్చాయో. ముత్యాల్లాంటి అక్షరాలు.

కిందటేటి పేజీల్లో ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది.

"ఏంటే? దొరికిందా దొంగతనం?"

ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. వేలు తియ్యకుండానే పుస్తకం మొగుడి ముందు పెట్టింది.

జక్రయ్య కూడబలుక్కుని చదివాడు.

'నవంబరు పదిహేడు. మిరపతోట గట్టు. నాలుగో బొంగుకి మూత వేస్తుందని పొద్దున్నుంచీ కనిపెట్టుకుని కూర్చున్నా చూడలేకపోయాను. తోటలో మందు కొడుతున్న రైతు పడిపోతే, నా తువ్వాలుతో నడుముకి కట్టుకుని మోపెడ్ మీద పర్చూరు తీసుకెళ్లాను.'