సగం గ్లాసు

పురిటి వార్డు గుమ్మం దగ్గర అందరి గొంతులూ యంత్రానికి చూపించడం ఇప్పుడు చెప్పులు విడిచినంత మామూలు. మనవరాలిని చూడ్డానికి వచ్చిన కనకరత్నాన్ని ఆ యంత్రం ఆపేసింది.

"మీకేం జబ్బు లేదు పిన్నిగారూ. మీ గొంతులో బ్యాక్టీరియా మిమ్మల్నేం చెయ్యదు. పసిదానికే పడదు," అంటూ నర్సు హెప్సిబా మందు గ్లాసు అందించింది. "పుక్కిలిస్తే పోతుంది."

కనకరత్నం కదల్లేదు. ఆ బ్యాక్టీరియా ఆమెకు భర్త పేర్రాజు నుంచి వచ్చిన రకం. బతికినన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకే గ్లాసు కాఫీ. ఆయన ఒక గుక్క రుచి చూసి ఇస్తే, ఆమె సగం తాగి మిగతా సగం ఆయనకి ఉంచేది. ఆయన పోయి రెండేళ్ళయింది.

"ఆయనవి ఇవొక్కటే బతికున్నాయమ్మా."

హెప్సిబా తెర మీద ఆయన పాత రిపోర్టు తీసి పోల్చి చూసింది. "ఇవిప్పుడు బాబాయిగారివి కావండీ. జన్యువులు చాలా మారాయి. మీ దగ్గర ఉండి ఉండి మీవైపోయాయి."

"మారవా మరి! ఆయన మాత్రం మారలేదా? పెళ్ళికి ముందు కాఫీ వాసనే పడేది కాదు ఆయనకి."

లోపల పసిబిడ్డ ఏడ్చింది. కనకరత్నం కళ్ళు మూసుకుని పుక్కిలించి ఉమ్మేసి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మొత్తం వాడాలండీ," అంది హెప్సిబా.

కనకరత్నం గ్లాసు వంక చూసింది. అలవాటు కొద్దీ సగం ఆయనకి ఉంచేసింది.