మలుపు దగ్గర గోడ

"ఇంక ఒక్క అంగుళం కూడా కదలదండీ. ఈ గోడ ఉన్నంతవరకూ బస్సు తిరగదు," అన్నాడు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి. "పోనీ వెనక్కి పోదామంటే అక్కడ పైపుల గొయ్యి. వచ్చేటప్పుడే బొటాబొటీగా పట్టింది."

అప్పటికే కాలనీ కాలనీ అంతా బస్సు చుట్టూ చేరింది. చేతిలో గరిటెతో ఒకావిడ, సగం గీసిన గడ్డంతో ఒకాయన, ఎలా ఉన్నవాళ్లు అలాగే పరుగెత్తుకొచ్చారు. ఊరి చివరి ఆ నూట ఇరవై ఇళ్ల మధ్యకి బస్సు రావడం అదే మొదలు. "ఈ వారంలో ఒక బస్సు పంపి చూస్తాం. మీ దగ్గర తిరిగితే రూటు వేస్తాం, లేకపోతే లేదు" అని బస్సు డిపోవాళ్లు చెప్పి నాలుగు రోజులయింది. అప్పట్నుంచి కాలనీకి నిద్ర లేదు.

కాలనీ సంఘం సెక్రటరీ డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. రిటైరై ఎన్నేళ్లయినా ఆయన మెడలోంచి ఆ ఈల దిగలేదు. "ఎవరూ కంగారుపడొద్దు!" అని అందరికన్నా కంగారుగా అరిచి, మూలింటి గేటు తట్టారు.

తలుపు తీసింది టెలిఫోనమ్మ. టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చినావిడకి కాలనీ పెట్టిన పేరది. ఆ గోడ ఆవిడదే. గోడ వెనక వరసగా గులాబీలు. ఆ గోడ మూలంగానే ఆవిడకీ మాస్టారికీ ఏడాదిగా మాటల్లేవు.

"అమ్మా, బస్సొచ్చింది."

"కళ్లున్నాయి, కనిపిస్తోంది."

"మీ గోడ మూల ఒక్క ఆరడుగులు తీస్తే..."

"నా స్థలం, నా గోడ. అంత అవసరమైతే మీ వరండా ఇవ్వండి, అందులో తిప్పుకుంటాడు."

"వరండాలో బస్సెలా తిరుగుతుందమ్మా!"

"మరి గులాబీల్లో ఎలా తిరుగుతుంది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి మొహం కందగడ్డయింది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ టైలరు ముందుకొచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"అక్కా, మీరొక్కసారి రండి. మా అమ్మ బస్సెక్కి కూర్చుంది. ఎంత చెప్పినా దిగనంటోంది. మీ మాటైతే వింటుంది."

టెలిఫోనమ్మ విసుక్కుంటూనే బస్సెక్కింది. ముందు సీట్లో కిటికీ పక్కన ముసలావిడ. ఉతికిన చీర, ఒళ్లో సంచి. కొత్త రంగు వాసనకి ముక్కు చిట్లించుకుని కూడా నవ్వుతోంది.

"పిన్నిగారూ, దిగండి. ఈ బస్సు ఎక్కడికీ పోదు."

"పోకపోతే పోనీయమ్మా. కాసేపు కూర్చుని దిగుతా," అంది ముసలావిడ. "మోకాళ్లు సహకరించక మెయిన్ రోడ్డు దాకా నడవలేక, రెండేళ్లుగా ఆ నాలుగు గోడలే చూస్తున్నా. కిటికీ పక్క సీటెంత బాగుందో చూడు!"

టెలిఫోనమ్మ ఆ కిటికీలోంచి తన గోడ వైపు చూసింది. తర్వాత చరచరా దిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. మాస్టారు తలపట్టుకున్నారు.

ఆవిడ గునపంతో తిరిగొచ్చింది.

"మాస్టారూ, ఆ ఈల పక్కన పెట్టి ఇది పట్టుకోండి. ముందు మొక్కలు తీయాలి. ఒక్క వేరు తెగిందా, మీ సంగతి చెప్తాను!"

అంతే. కాలనీకి పూనకం వచ్చినట్టయింది. బకెట్లొచ్చాయి, తట్టలొచ్చాయి, పలుగులొచ్చాయి. గులాబీలు మట్టి ముద్దలతో సహా బకెట్లలోకి మారాయి. మొదటి దెబ్బ మాస్టారు వేశారు. గోడ చెక్కుచెదరలేదు గానీ ఆయన రెండడుగులు వెనక్కి పడ్డారు. రెండో దెబ్బ టైలరుది. పదో దెబ్బకి గోడ కూలింది. ఇటుకలు చేతులు మారుతూ వీధి చివరికి నడిచాయి. గంట తిరక్కుండా ఆరడుగుల చోట ఎనిమిదడుగులు ఖాళీ అయింది.

"కుడికి! ఇంకా కుడికి! రానీ రానీ... ఆపు! ఇప్పుడు పోనీ!" అని డ్రైవరుకి తలా ఒక దిక్కునుంచి అరిచారు.

ముందు చక్రం గోడ ఉన్న చోటెక్కింది. బస్సు ఒళ్లు విరుచుకున్నట్టు మూలిగి, గుండ్రంగా తిరిగి, మూతి మెయిన్ రోడ్డు వైపు పెట్టి నిలబడింది. ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. ఈల ఎక్కడ పెట్టారో గుర్తులేక మాస్టారు నోటితోనే వేశారు. జుట్టంతా సున్నపు దుమ్ముతో టెలిఫోనమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

మాస్టారు రొప్పుతూ వెళ్లి డ్రైవరు చెయ్యి పట్టుకున్నారు. "బాబూ, మరి రేపట్నుంచి ఎన్నింటికి వస్తావు?"

"రేపు నేనెందుకొస్తానండీ?" అన్నాడు డ్రైవరు తెల్లబోయి. "బస్సుకి రంగేయించి డిపోకి తీసుకెళ్తున్నా. ఫోన్లో మ్యాపు చూసుకుంటూ దారి తప్పి మీ సందులోకొచ్చి పడ్డా. దారి తప్పినోడి కోసం గోడలు పడగొట్టేవాళ్లని నేనెక్కడా చూడలేదండీ, మీరు దేవుళ్లు!"

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరి కళ్లూ భయం భయంగా టెలిఫోనమ్మ వైపు తిరిగాయి. ఆవిడ పడిన గోడ వైపు చూసింది, డ్రైవరు వైపు చూసింది, కొంగు దులుపుకుని నడుముకి బిగించి బస్సెక్కింది.

"గుడ్లప్పగించి చూస్తారేం, అందరూ ఎక్కండి! బాబూ, పోనీ మీ డిపోకి. మా కాలనీలో బస్సు తిరుగుతుందని మీ మేనేజరుకి నువ్వే సాక్ష్యం!"